కరోనా కెమెరాతో యార్డులోకి దిగబోయే మేనల్లుడికి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

వచ్చే వారం 220 కేవీ సబ్‌స్టేషన్ యార్డులో కరోనా కెమెరా, అదే హైవోల్టేజి పరికరాల చుట్టూ గాలిలో పుట్టే విద్యుత్ మెరుపును (కరోనాను) చూపే కెమెరా, పట్టుకుంటావని మీ అమ్మ చెప్పింది. మురిసిపోయానురా, ఆ వెంటే గుబులూ పట్టుకుంది.

బ్యాటరీ నింపుకోవడం, లెన్సు తుడుచుకోవడం నీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది కౌంట్ గురించి, అంటే కెమెరా లెక్కగట్టే మెరుపు చుక్కల సంఖ్య గురించి. తెర మీది ఆ అంకెను ఒక్కదాన్నే రాసుకొస్తే చిత్తుకాగితంతో సమానం. దూరం రెట్టింపైతే కౌంట్ దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 10 మీటర్ల నుంచి 4000 చూపిన క్లాంపు (తీగను పట్టి ఉంచే బిగింపు) 20 మీటర్ల నుంచి 1000 చూపిస్తుంది. గెయిన్ (కెమెరా సున్నితత్వం) పెంచితే మళ్లీ ఎగబాకుతుంది, అదీ ఒక లెక్కన కాదు, తర్వాత కూర్చుని సరిదిద్దలేవు. "పోయినసారికన్నా తగ్గింది" అని రిపోర్టు రాసేస్తారు. తగ్గింది కరోనా కాదు, మనిషి నాలుగడుగులు వెనక నిలబడ్డాడంతే! ఈలోగా ఓజోన్, తేమతో కలిసి పుట్టే నైట్రిక్ ఆమ్లం పాలిమర్ ఇన్సులేటర్ రబ్బరును తింటూనే ఉంటాయి. అందుకని ముందు గెయిన్ ఎక్కువ పెట్టి వెతుకు. చెదురుమదురుగా మెరిసే చుక్కలు నాయిస్, అంటే ఉత్తుత్తివి; ఒకేచోట నిలిచేది కరోనా. తర్వాత తెర మీది మెరుపు మచ్చ కుంచించుకుపోయి చోటు తేలేదాకా గెయిన్ తగ్గించు. కౌంట్ మాత్రం ప్రతిసారీ ఒకే గెయిన్‌లో, ఒకే చోటి నుంచి, నిమిషంపాటు చూసి తీసుకో. పక్కనే దూరం, గెయిన్, తేమ శాతం రాయి.

ఫోకస్ తప్పితే మెరుపు పక్క ఇన్సులేటర్ మీద పడ్డట్టు కనిపిస్తుంది. రెండో వైపు నుంచీ చూడు. వేడెక్కిన జాయింట్ ఇందులో దొరకదు, దానికి థర్మల్ కెమెరా వేరే ఉంది.

మామూలు కెమెరాతో ఫొటో తీయాలన్న సరదా ఉంటే ల్యాబులో, చిమ్మచీకట్లో తీయి. లైటు ఉండగానే ఫోకస్ కుదిర్చి మాన్యువల్‌లో పెట్టు, ఒక ఫొటో తీసుకో. లైటు ఆర్పి, స్టాండు కదపకుండా ఎఫ్2, ఐఎస్ఓ 3200, 30 సెకన్లు పెట్టి ఇంకోటి తీయి. రెండూ ఒకదానిపై ఒకటి పెడితే మెరుపు ఎక్కడిదో తెలుస్తుంది.

ఇక నా భయం. తెర చూస్తూ అడుగు కదపకు నాయనా. కెమెరా దించు, నడువు, ఆగు, అప్పుడెత్తు. పైన కరెంటు తీగలుంటాయి, స్టాండును మడిచి అడ్డంగా పట్టుకో. భుజాన నిలువుగా వేసుకున్నావని తెలిసిందా, వచ్చి చెవి మెలేస్తాను.

మీ మావయ్య