పెట్టె మిగిలింది, రేడియో పోయింది

సందేహం: మా తాతగారి 1951 షెవర్లే కారు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దానికి కంపెనీ అమర్చిన వాల్వు (గాజు గొట్టాల) రేడియో కొంతకాలంగా గుర్రుమంటోంది, స్టేషన్లు సన్నగా వినిపిస్తున్నాయి. హైదరాబాద్‌లో పాత రేడియోలు బాగుచేసే ఒకాయనకు రేడియో, స్పీకరు అప్పగించి, ఫోను ద్వారా రూ.6,000 అడ్వాన్సు పంపాను. రసీదు ఇవ్వలేదు. అయిదు నెలలకు రేడియో తిరిగి వచ్చింది. డయలు, గుండీలు మావే. లోపల మాత్రం వాల్వులు, వైబ్రేటర్, ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి బ్లూటూత్ బోర్డు బిగించారు. అడిగితే, ‘12 వోల్టులు ఇచ్చి చూశాను, పొగ వచ్చింది, పాత సామాను పారేశాను’ అని వాట్సాప్‌లో జవాబిచ్చారు. ఇంకో రూ.9,000 ఇస్తేనే స్పీకరు ఇస్తామంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? పోలీసు కేసు అవుతుందా? కారుకు వింటేజ్ నంబరు తీసుకోవాలనుకుంటున్నాం, దానికేమైనా ఇబ్బందా? తెలిసినవారి పెళ్లిళ్లకు అప్పుడప్పుడు కారు అద్దెకు పంపుతుంటాం.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందుగా ఒక మాట. డెబ్బై ఏళ్లు దాటిన రేడియో బాగుపడకపోవడం దానంతట అదే సేవాలోపం కాదు. కండెన్సర్లు ఎండిపోతాయి, వైబ్రేటర్ కాంటాక్టులు పట్టేస్తాయి, సరిపడే వాల్వు దొరకదు. ‘ప్రయత్నించాను, నా వల్ల కాలేదు’ అని ఉన్నది ఉన్నట్టుగా తిరిగి ఇచ్చి ఉంటే మీకు కేసు లేదనే చెప్పేవాణ్ని. మీ ఫిర్యాదు అది కాదు. మీరు అడిగింది మరమ్మతు, ఆయన చేసింది మార్పిడి, అదీ మిమ్మల్ని అడగకుండా. నోటీసులోనైనా ఫిర్యాదులోనైనా ఈ మాటే ముందు రావాలి. ‘రేడియో పాడటం లేదు’ అని మొదలుపెడితే దారి తప్పుతారు, ఎందుకంటే ఆ బ్లూటూత్ బోర్డు చక్కగా పాడుతుంది.

ఇక ఆ వాట్సాప్ సందేశం. మీ కారు 6 వోల్టుల బ్యాటరీ మీద నడిచే కాలం నాటిది. వైబ్రేటర్ ఆ 6 వోల్టుల ప్రవాహాన్ని తెంపి కలుపుతూ ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వాల్వులకు కావలసిన ఎక్కువ వోల్టేజీకి పెంచుతుంది. అలాంటి సెట్టుకు రెట్టింపు వోల్టేజీ ఇస్తే పొగ రాక ఏం వస్తుంది? పాత రేడియోలు చూసేవాళ్లు వైరు తగిలించే ముందే కారు ఏ సంవత్సరానిదని అడుగుతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, వస్తువును అప్పగింతగా తీసుకున్నవారు సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువు విషయంలో తీసుకునేంత జాగ్రత్త తీసుకోవాలి. ఆ జాగ్రత్త తీసుకోలేదని ఆయనే రాసిచ్చారు. ఆ ఒక్క వాక్యం పదిమంది సాక్షుల పెట్టు. ఫోను మార్చినా ఆ సంభాషణ పోకుండా చూసుకోండి. సాక్ష్యాధారాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రంతో సహా దాని ప్రతిని దాఖలు చేయండి.

రసీదు లేదని దిగులు పడకండి. చెల్లింపు వివరం మీ బ్యాంకు ఖాతాలో ఉంటుంది. పైగా బిల్లు ఇవ్వకపోవడాన్నే 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

స్పీకరు సంగతి. కష్టపడి పనిచేసినవారికి కూలి అందేదాకా వస్తువును అట్టే పెట్టుకునే హక్కును కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. ఆ సెక్షన్ కిందే ఒక ఉదాహరణ ఉంది: సాన పట్టమని వజ్రాన్ని ఇస్తే, చెప్పినట్టే సాన పట్టిన నగల వర్తకుడు డబ్బు అందేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. కీలకం ‘చెప్పినట్టే’ అన్నచోట ఉంది. మీ రేడియో విషయంలో చెప్పినట్టు జరగలేదు కాబట్టి ఆ హక్కును ఆయన నిలబెట్టుకోవడం కష్టం. రూ.9,000 ఇప్పుడే పంపకండి. పంపితే జరిగిన పనికి ఒప్పుకున్నారని వాదిస్తారు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది చివరి వాక్యం. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ తీసుకున్నవారు వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దీన్నే. అయితే లావాదేవీ ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని సుప్రీంకోర్టు 2019లో లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్ట్ కేసులో చెప్పింది. తాతగారి రేడియో మళ్లీ వినాలని బాగుచేయించారే గానీ పెళ్లివారి కోసం కాదు కదా! ఆ అద్దెల సంగతి దాచకండి. తక్కువ సార్లేనని నిజం చెప్పండి.

హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం రూ.5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు గడువు. ఫిర్యాదు వేసే ముందు పదిహేను రోజుల వ్యవధి ఇచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఇచ్చిన రూ.6,000, స్పీకరు, మిగిలి ఉంటే పాత భాగాలు, అదే నమూనా రేడియో తెప్పించడానికి అయ్యే ఖర్చు, మనోవేదనకు కొంత పరిహారం అడగండి. ఖర్చుకు విదేశీ అమ్మకందారుల ధరలు, రవాణా, సుంకం లెక్క చూపాలి. తాతగారి జ్ఞాపకానికి లక్షల్లో విలువ కట్టి అడిగితే కమిషన్ మెచ్చదు. ఈలోగా మరో మెకానిక్ చేత సెట్టును మార్పించకండి. పై మూత తీసి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించి, అనుభవజ్ఞుడి చేత లోపల ఏమున్నాయో, ఏమి లేవో రాయించి అఫిడవిట్ తీసుకోండి. రేడియోను పంపే ముందు తీసిన ఫొటోలు ఉంటే మరీ మంచిది.

పోలీసు కేసు మాటకొస్తే, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహానికి నిజాయతీ లేని ఉద్దేశం కావాలి. తెలివితక్కువతనం చాలదు. ఆ వాల్వులు ఎక్కడైనా అమ్మకానికి పెట్టినట్టు ఆధారం దొరికితే అప్పుడు ఆలోచిద్దాం.

వింటేజ్ నంబరుకు రేడియో అడ్డు కాదు. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా ఉన్న వాహనాలకు ‘వీఏ’ నంబరు ఇస్తాయి. అయితే ఆ నంబరున్న కారును నిత్యం గానీ వ్యాపారానికి గానీ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల కోసమే బయటికి తీయాలి. దరఖాస్తు చేసే ముందే పెళ్లిళ్లకు పంపడం మానుకోవాల్సి ఉంటుంది.