రికార్డింగుకి కూర్చునే ముందు

బిడ్డా,

ఆశీస్సులు. మీ బడి పిల్లల కోసం లెక్కల పాఠాలు వీడియోలు తీస్తానని, దానికి కొనాల్సినవి ఇవీ అని పంపిన లిస్టు చూశాను. మైకు ఒక్కటి ఉంచి రింగ్ లైటూ, కొత్త ఫోనూ కొట్టెయ్. నీ ముఖం మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు. మాట వినపడకపోతే అర నిమిషం కూడా ఆగరు.

కొనే ముందు ఒక పని చెయ్. పిల్లల ఇళ్లకి వెళ్లి, ఫోను ఎవరి చేతిలో ఉంటుందో, ఏ వేళకి ఇల్లు చేరుతుందో నోటుబుక్కులో రాసుకో. ‘స్మార్ట్‌ఫోన్ ఉందా’ అని మాత్రం అడగకు, అందరూ ఉందనే అంటారు. కరోనాకి బళ్లు మూసిన 2020లో మేం అలాగే అడిగి బోల్తా పడ్డాం. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానెల్ టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. వాటి మీద లెక్కలు నేను పొద్దున పదకొండుకి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ని. ఆ వేళకి మా ఏడో తరగతి పిల్ల ఒకతి ఇంటి ఫోను తండ్రి జేబులో, ఆటో స్టాండులో ఉండేది. రాత్రి ఎనిమిదికి వచ్చేది, అడుగంటిన ఛార్జింగుతో. అన్నకేమో ఇంటర్ క్లాసులు. ముందు ఎవరికిస్తారో నీకు చెప్పాలా?

ఆ పిల్ల సంగతే విను. పూర్ణసంఖ్యల కూడికలు ఇస్తే అన్నీ తప్పే. నేను మైనస్ ఏడు అని రాస్తే తను ఏడు అని వేసేది. గుర్తులు అర్థం కాలేదనుకుని రెండు వారాలు అదే పాఠం తిప్పి తిప్పి చెప్పాను. ఓ సాయంత్రం వాళ్లింటికెళ్లి ఆ ఫోను చేతిలోకి తీసుకున్నాను. అద్దం ఎడమ అంచు పొడుగునా పగిలి ఉంది. నేను పేజీ అంచుకి ఆనించి, సన్న పెన్నుతో పెట్టిన మైనస్‌లన్నీ ఆ పగుళ్లలో కలిసిపోయాయి. తప్పు పిల్లది కాదు, నాదే.

ఆ మర్నాటి నుంచి పేజీకి రెండే లెక్కలు, నడిమధ్యన, స్కెచ్ పెన్నుతో లావుగా రాశాను. ప్రతి గుర్తూ నోటితో పలికాను. నువ్వూ ఫోను పైనుంచి కిందికి పెట్టి కాగితం, చెయ్యి మాత్రమే చూపించు. ఒక వీడియోలో ఒకటే సంగతి, ఆరు నిమిషాలు మించొద్దు. అదే పాఠం ఆడియోగా కూడా పంపు. రోజు డేటా అంతా అన్నే ఖాళీ చేసే ఇళ్లలో ఆ చిన్న ఫైలే దిక్కు. క్లాసులో రెండోసారి అడగడానికి సిగ్గుపడే ఆ పిల్లే, ‘సార్, మీ ఆడియో నాలుగుసార్లు విన్నా’ అంది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఒకే పాఠం ఒకే పిల్లకి నాలుగుసార్లు విసుక్కోకుండా ఎప్పుడు చెప్పాను గనక!

అన్నీ నువ్వే తీయాలని టెన్షన్ పెట్టుకోకు. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి, ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో ఏముందో ముందు చూడు. బాగున్న వీడియోని నీ హాట్‌స్పాట్‌తో బడిలోనే పిల్లలకి డౌన్‌లోడ్ చేయించు. ఇంకోటి, ముందు తెలుగులో చెప్పి పక్కన ఇంగ్లీష్ మాట రాయి. పూర్ణసంఖ్యని ‘ఇంటీజర్’ అని పలకడం రాక, జవాబు తెలిసి కూడా నోరు విప్పని పిల్లల్ని చూశాను.

వీడియో పంపి ఊరుకోవద్దు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ అనే ప్రయోగంలో, అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి టీవీ వేశారు. అందులో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మా మేనమామ ఊరి బడిలో ఆ సెట్టు చూశాను. దాని యాంటెనా కోళ్ల గూటికి కొట్టే జాలీతో చేసిన పెద్ద గొడుగులా ఉండేది. బొమ్మలు ఒక్కటీ గుర్తులేవు. సెట్టు ఆపి పంతులుగారు ‘ఏం చూశార్రా?’ అని అడిగిన రోజుల పాఠాలు మాత్రం ఇప్పటికీ చెప్పగలను. నువ్వు కూడా రాత్రి ఎనిమిది తర్వాత రోజుకి ముగ్గురికి ఫోన్ చేసి, ఆ ప్రశ్నే అడుగు. తండ్రి ఎత్తితే ఆయన్నీ కాసేపు కూర్చోబెట్టు.

దసరాకి వచ్చేటప్పుడు మొదటి వీడియో పట్టుకురా. మీ పెద్దమ్మ పాత ఫోన్లో, డాబా మీద ఎండలో పెట్టి చూద్దాం. అక్కడ మైనస్ కనపడితే గ్రూపులో పెట్టు.

ఇట్లు,
మీ పెద్దనాన్న