గర్భసంచిలో పాలిప్ తీసినా మళ్లీ వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 41, ఇద్దరు పిల్లలు. గర్భసంచిలో పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండలాంటి ముద్ద) ఉందని ఇప్పటికి రెండుసార్లు తీశారు, రెండుసార్లూ బయాప్సీలో క్యాన్సర్ లేదనే వచ్చింది. ఇప్పుడు మళ్లీ పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎక్కువైంది, మధ్యమధ్యలో మరకలు కూడా కనిపిస్తున్నాయి, స్కానింగ్‌లో 14 మి.మీ. పాలిప్ అన్నారు. బీపీ మాత్రలు వాడుతున్నా, బరువు 82 కిలోలు. గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుందని మావాళ్లంతా అంటున్నారు. తీయించుకోమంటారా?

జవాబు: అప్పుడే గర్భసంచి దాకా వెళ్లకండమ్మా. ముందు మీ పాత డిశ్చార్జి కాగితాలు రెండూ బయటికి తీసి, పాలిప్‌ని ఎలా తీశారో చూడండి. డీ అండ్ సీ అని మాత్రమే రాసి ఉంటే అసలు సంగతి అక్కడే ఉండొచ్చు, ఎందుకంటే అందులో లోపల ఏముందో కనిపించకుండా గీకుతారు, పాలిప్ మెత్తగా ఒక కాడ మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి పరికరం పక్కనుంచి జారిపోతుంది, లేదా పైభాగం ఊడొచ్చి మొదలు అక్కడే ఉండిపోతుంది. కలుపు మొక్కని వేరు వదిలేసి పైపైన తుంచితే ఏమవుతుందో ఇదీ అంతే. మనం మళ్లీ వచ్చిందనుకునేవాటిలో కొన్ని అసలు పూర్తిగా పోనివే. అదే హిస్టరోస్కోపీ అయితే సన్నటి కెమెరా లోపలికి పంపి, కళ్లతో చూస్తూ మొదలుతో సహా కత్తిరిస్తారు. ఈసారి తీయించుకుంటే ఇలాగే తీయమని అడగండి, తీసిన ముక్కని మళ్లీ బయాప్సీకి పంపాల్సిందే, పోయిన రెండుసార్లూ మంచిగానే వచ్చింది కదా అని వదిలేయొద్దు.

హిస్టరోస్కోపీతోనే తీసినా కొంతమందికి మళ్లీ వస్తుంది, అది నిజమే. పాలిప్ పెరగడానికి ఈస్ట్రోజెన్ హార్మోన్ ఊతమిస్తుంది, ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే అక్కడ కూడా ఈస్ట్రోజెన్ తయారవుతుంది, బీపీ ఉన్నవాళ్లలో కూడా పాలిప్స్ ఎక్కువగానే చూస్తాం. అందుకే బరువు తగ్గమనేది మాటవరసకి చెప్పే సలహా కాదు, మీ విషయంలో అదీ ట్రీట్‌మెంట్‌లో భాగమే. రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడేవాళ్లకీ పాలిప్స్ వస్తుంటాయి, మీరు అది రాయలేదు, వాడుతుంటే మాత్రం డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మీకు ఇక పిల్లలు వద్దనుకుంటే, పాలిప్ తీసిన రోజే లోపల లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ ఉన్న లూప్ వేయించుకోవడం గురించి అడగండి. మామూలు కాపర్-టీ కాదు ఇది. గర్భసంచి లోపలి పొరని పల్చగా ఉంచుతుంది, బ్లీడింగ్ తగ్గిస్తుంది, పాలిప్ మళ్లీ వచ్చే అవకాశాన్నీ తగ్గిస్తుంది. మొదటి 3 నుంచి 6 నెలలు మాత్రం అడపాదడపా మరకలు కనిపిస్తూ విసిగిస్తుంది, చాలామంది అప్పుడే భయపడి తీయించేసుకుంటారు, కాస్త ఓపిక పట్టాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి ఇది సాధారణంగా వేయరు. ఇక ప్రొజెస్టరాన్ మాత్రలతో బ్లీడింగ్ తగ్గుతుంది గానీ, ఉన్న పాలిప్ కరిగిపోతుందని నమ్మకం పెట్టుకోకండి. 10 మి.మీ. లోపువి కొన్నిసార్లు వాటంతటవే పోతాయి, మీది 14, పైగా ఇబ్బంది పెడుతోంది, కాబట్టి తీయించుకోవడమే మంచిది.

గర్భసంచి తీయాల్సి వచ్చేది బయాప్సీలో కణాలు తేడాగా ఉన్నాయని వచ్చినప్పుడు, లేదా ఇవన్నీ చేశాక కూడా పాలిప్ మళ్లీ మళ్లీ వచ్చి బ్లీడింగ్‌తో మనిషి నీరసించిపోతున్నప్పుడు. అది పెద్ద ఆపరేషన్, మీవాళ్లు అన్నంత తేలిక కాదు.

తీశాక మళ్లీ స్కాన్ చేయించేటప్పుడు పీరియడ్స్ అయిపోయిన వెంటనే, అంటే మొదలైన రోజు నుంచి లెక్కేస్తే 5 నుంచి 10 రోజుల్లోపు వెళ్లండి. పీరియడ్స్ దగ్గర పడ్డాక పొర మందంగా ఉంటుంది, పాలిప్ ఉన్నా అందులో కనిపించదు, లేకపోయినా ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. ఈలోగా హిమోగ్లోబిన్ టెస్ట్ ఒకటి చేయించండి, ఇన్నాళ్ల బ్లీడింగ్‌కి అది తగ్గే ఉంటుందని నా అనుమానం, తక్కువుంటే ఆపరేషన్‌కి ముందే ఐరన్ మొదలుపెట్టాలి.