గుండె ఆపారని రాశావు సరే, ఎలా ఆపారు?

తమ్ముడూ,

మీ బాబాయి బైపాస్ ఆపరేషన్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఆస్పత్రి వరండా, పిన్ని టెన్షన్, బిల్లు కౌంటరు దగ్గర గొడవ అన్నీ బాగా వచ్చాయి. తీరా అసలు చోటికి వచ్చేసరికి ‘డాక్టర్లు గుండెను ఆపి ఆపరేషన్ విజయవంతంగా పూర్తి చేశారు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎలా ఆపారయ్యా? ఆపిన గుండె పాడైపోకుండా ఎలా నిలబడింది? చదివేవాడు అడిగేది అదే, నువ్వు చెప్పనిదీ అదే.

ఆపరేషన్ జరిగేంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది, ఒక్క గుండెకు తప్ప. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమనికి క్లాంప్ వేయగానే గుండె సొంత రక్తనాళాలకు సరఫరా ఆగిపోతుంది. అప్పుడు కూడా అది కొట్టుకుంటూ ఉంటే ఉన్న కాస్త శక్తీ ఖర్చయిపోయి కండరం దెబ్బతింటుంది. అందుకని క్లాంప్‌కు గుండె వైపున ఒక సన్న గొట్టం పెట్టి, పొటాషియం ఎక్కువగా కలిపిన చల్లటి ద్రావణం వదులుతారు. దాన్నే కార్డియోప్లీజియా అంటారు. కాసేపటికి మానిటర్ మీద అడ్డగీత. మన సినిమాల్లో ఆ గీత కనిపిస్తే ఏడుపు మొదలవుతుంది, ఆ గదిలో మాత్రం అందరూ దానికోసమే చూస్తుంటారు.

‘ఐస్ పెట్టి గుండెను కాపాడారు’ అన్నావు కదా, అది సగమే నిజం. ఖాళీ చేసి ఆపేసిన గుండెకు, పనిచేసే గుండెకు కావలసిన ఆక్సిజన్‌లో సుమారు పదో వంతు చాలు. చల్లబరిస్తే ఇంకొంచెం తగ్గుతుంది, కానీ పెద్ద లాభం ఆపడంలోనే ఉంది.

దీని వెనక కథ కూడా ఉంది, వదులుకోకు. 1955లో లండన్‌లో డెనిస్ మెల్‌రోజ్ పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపి చూపించాడు. తీరా చూస్తే ఆ గాఢతకు కండరమే చచ్చిపోతోంది, దాంతో సర్జన్లు భయపడి ఆ పద్ధతినే పక్కన పెట్టేశారు. ఆలోచన సరైనదే, మోతాదు దగ్గరే తేడా కొట్టింది! 1970లలో అదే లండన్‌లో, సెయింట్ థామస్ హాస్పిటల్‌లో హర్స్, బ్రెయిమ్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు పొటాషియం మోతాదు తగ్గించి, మెగ్నీషియం కూడా కలిపి ద్రావణం తయారుచేసి ఆ పద్ధతిని మళ్లీ నిలబెట్టారు.

సర్జన్‌ను దేవుణ్ణి చేశావు, పెర్ఫ్యూజనిస్ట్ ఊసే లేదు. మెషీన్ దగ్గర కూర్చుని, క్లాంప్ వేసి ఎంతసేపయిందో పైకి చెబుతూ, తర్వాతి డోసు గుర్తుచేసే మనిషి ఆయనే. కొన్ని ద్రావణాలైతే ఇరవై నిమిషాలకోసారి ఇవ్వాలి, డెల్ నీడో రకమైతే ఒక్క డోసే గంటన్నర దాకా ఆగొచ్చు. పైగా మీ బాబాయికి మూడు బ్లాకులన్నావు. ముందు నుంచి ఎంత పంపినా బ్లాకు అవతలికి సరిగా చేరదు, అందుకే చాలాసార్లు గుండె వెనక ఉన్న కరొనరీ సైనస్ అనే సిర దారిలో ఎదురు పంపుతారు. ఆ పెర్ఫ్యూజనిస్ట్‌ను పట్టుకుని ఒక పూట మాట్లాడు, నీ వ్యాసానికి కావలసిన సరుకంతా అక్కడుంది.

అంతకంటే ముందు డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడు. మన దేశంలో చాలా బైపాస్‌లు గుండె కొట్టుకుంటూ ఉండగానే చేసేస్తారు. దాంట్లో ‘ఆఫ్ పంప్’ అని రాసి ఉంటే మీ బాబాయి గుండెను అసలు ఆపనే లేదు, నేను ఇంతసేపు చెప్పింది ఆ వ్యాసానికి పనికిరాదు.