వేళ్లకీ కాళ్లకీ తొందర వద్దు

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాన్ చదివి నేనూ మీ అత్తయ్యా ఒకటే నవ్వు. రోజూ గంట ఆ బుల్లి గిటార్ లాంటి ఉకులేలే, పదివేల అడుగుల నడక, నెలకి పది పాటలు! ఆఫీసు టార్గెట్లు చాలక ఇంట్లో కూడా పెట్టుకున్నావన్నమాట. ముందు ఆ కాగితం చింపెయ్.

ఉకులేలే కొనేటప్పుడు, సొప్రానో అనే చిన్న సైజు కన్నా కాస్త పెద్దదైన కాన్సర్ట్ సైజు చూడు. వాయిద్యం మెడ మీద అడ్డంగా ఉండే మెట్లే ఫ్రెట్లు, వాటి మధ్య వేళ్లు ఇరుక్కోవు. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి. ఇలా శ్రుతి చేస్తే అలా దిగిపోతుంది, కంగారు పడకు. జి, సి, ఇ, ఎ అని నాలుగు తీగలుంటాయి కదా, వాటిలో నీ గడ్డం వైపుండే జి తీగ పక్కనున్న సి కన్నా పై స్థాయిలో పలుకుతుంది. ఇది తెలియక, తీగ తప్పు వేశారని కొట్టువాడితో పోట్లాడి వచ్చాను నేను. ఉకులేలేకి ఆ గలగల వచ్చేదే ఆ తీగ వల్ల.

1879లో పోర్చుగల్ వాళ్ల మదీరా దీవి నుంచి హవాయి చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్ల వెంట వెళ్లిన చిన్న వాయిద్యమే తర్వాత ఉకులేలే అయింది. కూలిపనికి వెళ్లినవాళ్లు మోసుకెళ్లిన సరదా అది. దానికీ పరీక్షలు పెడతావా?

కార్డు అంటే కలిపి మోగించే కొన్ని స్వరాలు. ఎ తీగ మూడో ఫ్రెట్ మీద ఒక్క వేలు పెడితే సి కార్డు. అది తీసేసి జి తీగ రెండో ఫ్రెట్ నొక్కితే ఎ మైనర్. ఆ వేలు అలాగే ఉంచి ఇ తీగ మొదటి ఫ్రెట్ కూడా నొక్కితే ఎఫ్. మొదటి వారానికి ఈ మూడూ చాలు. కార్డు మారేటప్పుడు ఎడమచెయ్యి తడబడినా కుడిచెయ్యి మాత్రం ఆపకు. తప్పు మోగితే మోగనీ, తాళం తెగకూడదు. వేలి కొసలు మండుతుంటే ఆ రోజుకి చాలించు. ఇ కార్డు జోలికి ఇప్పుడే పోకు, నాకే ఇంకా సరిగ్గా పడదు.

ఇక నడక. బూట్లు సాయంత్రం పూట కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నేనొకసారి కొత్త బూట్లతో ఏకంగా ఇరవై కిలోమీటర్లు బయల్దేరాను. ఆరో కిలోమీటరు దగ్గర మడమ వెచ్చగా అనిపించింది. ఇంకాస్త పోయాక చూద్దాంలే అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి రూపాయి బిళ్లంత బొబ్బ. వారం రోజులు చెప్పులే గతి. వెచ్చగా అనిపించిన చోటే కూర్చుని, బూటు విప్పి, టేపు అంటించాలి. బొబ్బ లేచాక చేసేది తక్కువ. నూలు సాక్సులు చెమట పట్టుకుని కూర్చుంటాయి, ఉన్నివో సింథటిక్‌వో వేసుకో. ముందురోజు గోళ్లు తీసుకో, లేకపోతే దిగుడులో వేళ్లు బూటుకి గుద్దుకుని నల్లబడతాయి.

కొండదారి అయితే 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకి సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట. అందులో కూర్చునే టైము లేదు. నేనైతే కూర్చోవడానికే వెళ్తాను కాబట్టి ఇంకో గంట కలుపుకుంటాను.

నీకో చిట్కా. నడుస్తూ కార్డుల పేర్లు పైకి అనుకో: నాలుగడుగులు సి, నాలుగడుగులు ఎ మైనర్, నాలుగడుగులు ఎఫ్. ఇంటికొచ్చి వాయిద్యం పట్టుకుంటే ఏ కార్డు ఎప్పుడు రావాలో తడుముకోవు. దారిలో ఎవరైనా వింత చూస్తారు, చూడనీ. ఉకులేలే వెంట తీసుకెళ్తే మాత్రం ఎండలో ఆపిన కారులో వదిలెయ్యకు, జిగురు వదిలి అతుకులు ఊడతాయి.

వచ్చే ఉత్తరంలో ఎన్ని కిలోమీటర్లు నడిచావో రాయకు. మడమలెలా ఉన్నాయో రాయి.

మీ మావయ్య