బ్రిటన్‌లో ఆశ్రయం కోరే సోమాలీల మానసిక స్థితి

ప్రాణభయం తప్పి బ్రిటన్ చేరాక కూడా సోమాలీలకు మనసు ఎందుకు కుదుటపడదని అడిగారు.

1991 నుంచి సోమాలియాలో అంతర్యుద్ధం చేసిన గాయాలు ఒక కారణం మాత్రమే. ఇక్కడి ఎదురుచూపు కూడా మనిషిని నలిపేస్తుంది. ఆశ్రయం దరఖాస్తు తేలేదాకా పని చేయనివ్వరు. తమ తప్పు లేకుండా 12 నెలలు దాటితేనే అనుమతి అడగొచ్చు, అదీ కొన్ని ఉద్యోగాలకే. సొంత దేశంలోనేమో ఇంటివాళ్లు డబ్బు కోసం ఎదురుచూస్తుంటారు.

చాలామంది దిగులని చెప్పరు. తలనొప్పి, ఒళ్లునొప్పులు, నిద్ర లేదంటారు. పిచ్చివాళ్లన్న ముద్ర పడుతుందని భయం. డాక్టరు నొప్పి మాత్రలిచ్చి పంపేస్తే అసలు బాధ లోపలే ఉండిపోతుంది. పీడకలలు, ఉలికిపాట్లు ఉన్నాయా అని సూటిగా అడగాలి.

ఎక్కువగా బెడిసికొట్టేది దుబాసీ దగ్గరే. పిల్లల్ని అసలు వాడొద్దు. తనపై జరిగిన అత్యాచారాన్ని ఏ తల్లి కొడుకు నోట చెప్పించగలదు? తెలిసినవాళ్లయితే మాట తెగలో పాకుతుందని నోరు విప్పరు. ఆడవాళ్లకు ఆడ దుబాసీ కావాలని, ఫోన్‌లోనైనా సరేనని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర నమోదుకు చిరునామా రుజువు, గుర్తింపు కార్డు తప్పనిసరి కాదు. అవి లేవని తిప్పి పంపితే గట్టిగా అడగండి. పీటీఎస్‌డీకి (ఘోరాలు చూశాక మనసును వదలని గాయానికి) ట్రామా థెరపీ, అంటే ఆ గాయానికి మాటలతో చేసే చికిత్స, సాధారణంగా 8 నుంచి 12 సెషన్లు. పలు ఘోరాలు చూసినవారికి ఇంకా ఎక్కువే పడతాయి. ఖురాన్ పారాయణం ఊరటనిస్తుంటే మానమనకండి, రెండూ సాగనివ్వండి.

చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆరోగ్య సహాయ నంబరు 111కి ఫోన్ చేసి 2 నొక్కాలి. ప్రాణం మీదికొస్తే అత్యవసర నంబరు 999.