నూనె సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష

ప్రశ్న: నా వయసు 31. నాలుగు నెలలుగా దువ్వితే చాలు, జుట్టు కుచ్చులుగా వస్తోంది. గుంటగలగర నూనె, మందారాకు, మెంతి ముద్ద, ఉల్లిరసం అన్నీ వాడాను. ఉల్లిరసానికి మాడు మంట పుడితే మెడికల్ షాపులో అడిగి ట్యూబ్ తెచ్చుకున్నా. బయోటిన్ (బి విటమిన్) బిళ్లలూ వేసుకుంటున్నా. వీటిలో దేనికి శాస్త్రీయ ఆధారం ఉంది? ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం, నెలసరిలో రక్తస్రావం కూడా ఎక్కువే.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరు చివర్లో మాటవరసకు రాసిన సంగతే నాకు ముఖ్యంగా కనిపించింది. అధిక రక్తస్రావం, ఆయాసం, జుట్టు ఊడటం మూడూ కలిసి ఉంటే ముందు రక్తహీనతను అనుమానించాలి, తర్వాత థైరాయిడ్‌ను. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు ఈ వారంలోనే చేయించండి. హిమోగ్లోబిన్ పర్వాలేదనిపించినా ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు, కాబట్టి ఫెర్రిటిన్ వదిలేయొద్దు. రక్తస్రావం ఎందుకు ఎక్కువైందో గైనకాలజిస్టు చూడాలి. కూర్చున్నా ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వారం ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

బయోటిన్ వల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావొచ్చు. పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు ఆపేసి, ల్యాబ్‌లోనూ ఆ మాట చెప్పండి.

ఇక మీరడిగింది. గుంటగలగరతో ఎలుకల్లో మంచి ఫలితాలు వచ్చాయి, మనుషుల్లో ఆ స్థాయి రుజువు లేదు. మందారమూ అంతే. ఉల్లిరసానికి అందరూ చూపించేది 2002లో ఇరాక్ వైద్యులు ప్రచురించిన అధ్యయనం. అందులో ఆ రసం రాసుకున్నది 23 మంది. పైగా వాళ్లది పేనుకొరుకుడు, అంటే మచ్చలు మచ్చలుగా జుట్టు ఊడేది, మీరు చెప్పే రకం కాదు. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుందని 2003లో తేలింది. ఉన్న జుట్టు చిట్లకుండా అది పనికొస్తుంది, కుదురు నుంచి ఊడేదాన్ని ఆపదు. నూనె మీద నాకు కోపం లేదు, మా ఇంట్లోనూ రాసుకుంటారు. చుండ్రు ఉంటే మాత్రం రాత్రంతా ఉంచొద్దు.

ఇంకో సంగతి. డెంగీ, టైఫాయిడ్, కాన్పు, పస్తుల డైటింగ్ తర్వాత రెండు మూడు నెలలకు మొదలయ్యే రాలడం, కారణం తొలగితే చాలావరకు ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ సమయానికి చేతిలో ఏ సీసా ఉంటే పేరు దానికి పోతుంది.

నాకు అన్నిటికంటే కంగారు పుట్టించింది ఆ ట్యూబ్. దాని మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి పేరుందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. రాయగానే మంట తగ్గుతుంది, అందుకే జనం వదలరు. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. కింద ఫంగస్ ఉంటే లోలోపల ముదురుతుంది. షాపతను మీ మాడు చూశాడా అమ్మా? చూడకుండానే ఇచ్చాడు, అదేమిటో అడగకుండానే మీరు రాశారు. ఉల్లిరసం ఆపేయండి. ట్యూబ్ సంగతి, చికిత్స సంగతి స్కిన్ డాక్టర్ మాడు చూసి చెప్పాలి. ఇక్కడ కూర్చుని నేను మందు పేరు రాయలేను. రిపోర్టు రాకముందే ఐరన్ మాత్రలు కూడా సొంతంగా మొదలుపెట్టొద్దు.

వెళ్లేటప్పుడు ఆ ట్యూబ్, బయోటిన్ డబ్బా ఒక కవర్లో వేసుకెళ్లండి. 'పేరు గుర్తులేదు, పచ్చ మూత ఉంటుంది' అంటే మాకు తెలియదు.